అమ్మీ కంటికి ఏ లెన్స్?

శుక్లం ఆపరేషన్ మాట వచ్చిన ప్రతి ఇంట్లో మొదట వినిపించే ప్రశ్న "ఎంతవుతుంది?" అనేది. ఆ వెంటనే "ఏ ఆసుపత్రి మంచిది?" అంటారు. రెండూ అవసరమైన ప్రశ్నలే. అయితే వీటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆపరేషన్ తరువాత దేనిని అద్దాలు లేకుండా చూడాలని కోరుకుంటున్నారు? ఈ ప్రశ్నకు కుమారులో, అల్లుళ్ళో జవాబు చెప్పలేరు. ఆ కన్ను ఎవరిదో వారే చెప్పాలి.

గత సంవత్సరం సికింద్రాబాదులో మా అమ్మీకి కుడికంటి ఆపరేషన్ జరిగింది. కంటిలో అమర్చే లెన్స్‌ను ఎంచుకోవడానికి మా కుటుంబం రెండు నెలలపాటు తర్జనభర్జన పడింది. దమ్మాంలో ఉద్యోగం చేస్తున్న మా భాయిజాన్, వరంగల్‌లో ఉంటున్న తమ్ముడు, చిలకలగూడలో అమ్మీతో కలిసి ఉంటున్న మా దంపతులం అందరమూ అందులో పాలుపంచుకున్నాము. ఆ రెండు నెలల్లో ఆపరేషన్ చేయించుకున్న బంధువులను, ఇరుగుపొరుగు వారిని కలిసి తెలుసుకున్న సంగతులను, వైద్యులు ఓపికగా వివరించిన విషయాలను పాఠక సోదరీ సోదరుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. అరవై దాటిన పెద్దలున్న ప్రతి ఇంటికీ ఏదో ఒకనాడు ఈ అవసరం రావచ్చు.

చూపు మసకబారడం వెనుక

కంటిపాప వెనుక అల్లాహ్ ఒక పారదర్శకమైన కటకాన్ని అమర్చాడు. యౌవనంలో అది మెత్తగా, సాగే గుణంతో ఉంటుంది. దూరాన ఉన్న మినారును చూసినప్పుడు ఒక ఆకారం, చేతిలోని సూదిని చూసినప్పుడు మరొక ఆకారం దాల్చి, వెలుగును కంటితెరపై సరిగ్గా కేంద్రీకరిస్తుంది. నలభై దాటిన తరువాత ఆ మెత్తదనం తగ్గుతుంది. దానినే మనం చత్వారం అంటాము. వయసు ఇంకా పెరిగేకొద్దీ ఆ కటకం పసుపుబారి, మసకబారుతుంది. అదే శుక్లం. ఉర్దూలో మోతియాబింద్ అంటారు. మాత్రలతోనూ, చుక్కల మందుతోనూ అది కరగదు. మసకబారిన కటకాన్ని తీసివేసి, ఆ స్థానంలో కృత్రిమ లెన్స్‌ను అమర్చడమే దానికి చికిత్స.

ఈ చికిత్స చరిత్రలో ముస్లిం వైద్యులకు గౌరవప్రదమైన స్థానం ఉంది. సుమారు వెయ్యేళ్ళ క్రితం, ఫాతిమీల పాలనలో ఉన్న ఈజిప్టులో అమ్మార్ ఇబ్న్ అలీ అల్ మౌసిలీ అనే నేత్రవైద్యుడు బోలు సూదితో మెత్తని శుక్లాన్ని పీల్చి బయటకు తీసే పద్ధతిని తన గ్రంథంలో వర్ణించాడు. ఇంచుమించు ఆ కాలంలోనే, ఆ దేశంలోనే ఇబ్నుల్ హైసమ్ దృష్టిశాస్త్రానికి పునాది వేశాడు. అయితే తీసిన కటకం స్థానంలో పెట్టడానికి ఏదీ లేకపోయింది. ఆ ఖాళీ శతాబ్దాలపాటు అలాగే ఉండిపోయింది. 1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు మొదటిసారిగా కంటిలో కృత్రిమ లెన్స్‌ను ఉంచాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో యుద్ధవిమానాల ప్లాస్టిక్ అద్దాలు పగిలి, ఆ ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నా, కన్ను ఆ పదార్థాన్ని తిరస్కరించకపోవడాన్ని ఆయన గమనించాడు. తన లెన్స్‌ను ఆ రకం ప్లాస్టిక్‌తోనే చేయించాడు. మా దాదా కాలానికి ఈ సౌకర్యం మా పల్లెకు చేరలేదు. ఆపరేషన్ తరువాత ఆయన పెట్టుకున్న సోడాబుడ్డి కళ్ళద్దాలు ఇప్పటికీ మా బీరువాలో భద్రంగా ఉన్నాయి.

నేడు సాధారణంగా అమర్చే లెన్సులు ఎంత మంచివైనా, అల్లాహ్ సృష్టించిన కటకం యౌవనంలో మార్చుకున్నట్లుగా తమ ఆకారాన్ని మార్చుకోలేవు. లెన్సుల్లో ఇన్ని రకాలు పుట్టడానికి కారణం ఈ ఒక్క లోటే. ఒక్కొక్క రకం ఆ లోటును ఒక్కొక్క విధంగా పూడ్చుతుంది. పూడ్చినందుకు బదులుగా మరేదో ఒకటి తీసుకుంటుంది.

మన ఇంటి దూరాలు

వైద్యులు చూపును దూరం, మధ్యదూరం, దగ్గర అని మూడుగా విభజిస్తారు. ఈ మాటలను మన ఇంటి భాషలోకి మార్చుకుంటే విషయం తేలికగా అర్థమవుతుంది. రిహాల్ మీద ఉంచిన ఖుర్ఆన్ కంటికి సుమారు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. బియ్యంలో రాళ్ళు ఏరడం, సూదిలో దారం ఎక్కించడం, మాత్రల అట్ట మీది అక్షరాలు చదవడం కూడా ఆ దూరపు పనులే. పొయ్యి మీది గిన్నె, ఎదురుగా కూర్చున్న మనవరాలి ముఖం 70, 80 సెంటీమీటర్లలో ఉంటాయి. నమాజులో నిలబడినప్పుడు మన చూపు నిలిచే సజ్దా స్థలం కంటికి ఒకటిన్నర మీటరు పైచిలుకు. రోడ్డు మీద వచ్చే బస్సు బోర్డు, మసీదు గోడ మీది గడియారం అంతకన్నా దూరం.

లెక్క కూడా సులభమే. కంటి చూపు మైనస్ 2.5 దగ్గర నిలిస్తే, ఆ కంటికి 40 సెంటీమీటర్ల దూరంలోని వస్తువు అద్దాలు లేకుండా స్పష్టంగా కనిపిస్తుంది. మైనస్ 1.25 దగ్గర నిలిస్తే 80 సెంటీమీటర్లు. సున్నా దగ్గర నిలిస్తే దూరం. ఈ సంఖ్యను ఆపరేషన్‌కు ముందే వైద్యుడు నిర్ణయించి, దానికి తగిన శక్తి గల లెన్స్‌ను తెప్పిస్తారు. మనం ప్రత్యేకంగా చెప్పకపోతే ఎక్కువమందికి సున్నానే లక్ష్యంగా పెట్టుకుంటారు.

నాలుగు ఇళ్ళు, నాలుగు లెన్సులు

మొదటగా నల్గొండ జిల్లాలోని మా స్వగ్రామంలో ఉండే పెద్దమామూ సంగతి. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఊరూరా జరిగిన ఆ శిబిరాలలోనే మామూకు శుక్లం ఉన్నట్లు తెలిసింది. తరువాత హైదరాబాదు మెహదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. ఆయనకు అమర్చినది ఒకే దూరానికి పనిచేసే లెన్స్. దానిని మోనోఫోకల్ అంటారు. పొలం గట్టు మీద కూర్చుని అవతలి చివర మేస్తున్న మేకలను లెక్కపెట్టగలుగుతున్నారు. పత్రిక చదవాలంటే మాత్రం రెండున్నర పవరు అద్దాలు పెట్టుకోవాలి. "అద్దాల ఖరీదు రెండు వందలు, చూపు ఖరీదు సున్నా" అని ఆయన నవ్వుతారు.

ఉచితంగా చేసే ఆపరేషన్ నాసిరకంగా ఉంటుందేమోనన్న అనుమానం చాలామందిలో ఉంది. ప్రభుత్వ, ధర్మాసుపత్రులలో తరచుగా చేసే పద్ధతిలో కోత కాస్త పెద్దదిగా ఉంటుంది, కుట్లు ఉండవు. కార్పొరేట్ ఆసుపత్రులలో చేసే ఫేకో పద్ధతిలో కోత మూడు మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. నేపాల్‌కు చెందిన సుప్రసిద్ధ నేత్రవైద్యుడు సందుక్ రుయిత్ బృందం ఈ రెండు పద్ధతులను 108 మంది రోగులలో పోల్చి, 2007లో ఫలితాలను ప్రచురించింది. ఆరు నెలల తరువాత అవసరమైన అద్దాలతో పరీక్షించినప్పుడు, రెండు వర్గాలలోనూ 98 శాతం మందికి మంచి చూపు ఉన్నట్లు తేలింది. నిపుణుడైన వైద్యుని చేతిలో ఉచిత ఆపరేషన్ కూడా మంచి ఆపరేషనే. లెన్స్ విషయమూ అంతే. మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రికి అనుబంధంగా 1992లో ఆరోల్యాబ్ ఏర్పడి, విదేశీ లెన్సుల ధరలో కొద్ది వంతుకే నాణ్యమైన లెన్సులను తయారుచేసింది. పేదవాని కంటికి లెన్స్ అందడంలో దాని పాత్ర చాలా పెద్దది.

రెండవది సీతాఫల్‌మండిలో ఉండే మా ఖాలా కథ. ఆమె నల్లగుడ్డు వంపు అన్ని వైపులా ఒకేలా ఉండదు. ఇటువంటి వారికి సాధారణ లెన్స్ అమర్చితే, శుక్లం పోయినా అక్షరాల అంచులు సాగినట్లు, నీడ పడినట్లు కనిపిస్తాయి. ఆ వంపును సరిచేసే లెన్స్‌ను టోరిక్ అంటారు. దానిని కంటిలో నిర్దిష్టమైన కోణంలోనే నిలపాలి. ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే దాని ప్రభావంలో సుమారు 3 శాతం తగ్గిపోతుంది. ముప్పై డిగ్రీలు తిరిగితే అమర్చి ప్రయోజనమే ఉండదు. ఖాలాకు అది చక్కగా కుదిరింది. అయితే టోరిక్ అంటే దగ్గరా, దూరమూ రెండూ కనిపించే లెన్స్ అని ఆమె పిల్లలు భావించారు. ఆమెకు అమర్చినది మోనోఫోకల్ టోరిక్. నల్లగుడ్డు వంపును సరిచేయడమే దాని పని. చదవడానికి ఆమెకు అద్దాలు కావాలి.

మూడవది మా చాచా లెన్స్. ఆయన దక్షిణ మధ్య రైల్వేలో, రైల్ నిలయంలో పనిచేసి పదవీ విరమణ చేశారు. రెండు కళ్ళకూ ట్రైఫోకల్ లెన్సులు వేయించుకున్నారు. ఈ లెన్స్ మీద సన్నని వలయాలుంటాయి. అవి కంటిలోకి వచ్చే వెలుగును పంచి, కొంత దూరానికి, కొంత మధ్యదూరానికి, కొంత దగ్గరకు కేటాయిస్తాయి. చాచా ఇప్పుడు అద్దాలు లేకుండానే పత్రిక చదువుతారు, ఫోను చూస్తారు, రైల్వే స్టేషనులో సూచికలను చదువుతారు. ఆయన ఎంతో సంతృప్తిగా ఉన్నారు. అయితే రాత్రివేళ ఎదురుగా వచ్చే వాహనాల దీపాల చుట్టూ వెలుగు వలయాలు కనిపించడంతో మొదటి ఐదు నెలలు మగ్రిబ్ తరువాత స్కూటర్ నడపలేదు. క్రమంగా అలవాటు పడ్డారు. అందరికీ అలా అలవాటు కాకపోవచ్చునని, మసక వెలుతురులో తేడాలను గుర్తించే శక్తి ఈ లెన్స్‌తో కొంత తగ్గుతుందని వైద్యులు ముందే చెబుతారు. ట్రైఫోకల్‌కూ, మోనోఫోకల్‌కూ మధ్యస్థంగా ఎడాఫ్ అనే రకం కూడా ఉంది. అది దూరాన్ని, మధ్యదూరాన్ని బాగా చూపిస్తుంది. సన్నని అక్షరాలకు మాత్రం చాలామందికి అద్దాలు అవసరమవుతాయి. రాత్రి వలయాల బాధ ట్రైఫోకల్ కన్నా సాధారణంగా తక్కువ.

నాలుగవది వారాసిగూడలో కుట్టుపని చేసే ఒక సోదరి. ఆమెకు రెండు కళ్ళలోనూ చౌకైన మోనోఫోకల్ లెన్సులే అమర్చారు. కానీ వైద్యుడు ఒక కంటిని దూరానికి, మరొక కంటిని దగ్గరకు లక్ష్యంగా నిర్ణయించాడు. మెదడు క్రమంగా అవసరమైన కంటిని ఉపయోగించుకోవడం నేర్చుకుంటుంది. దీనిని మోనోవిజన్ అంటారు. ఈ అమరిక ఆమెకు సరిపడుతుందో లేదోనని ముందుగా అద్దాలతో పరీక్షించి చూశారు. ఇప్పుడు ఆమె కుట్టుమిషను ముందు కూర్చున్నప్పుడు, వీధిలో నడిచేటప్పుడు కూడా చాలావరకు అద్దాలు లేకుండానే ఉంటున్నది. రెండు కళ్ళూ కలిసి లోతును కొలిచే శక్తి కొంత తగ్గిందని, కొత్తలో మెట్లు దిగేటప్పుడు జాగ్రత్తపడవలసి వచ్చిందని చెప్పింది.

ఈ నలుగురిలో ఎవరి లెన్స్ మంచిది? నలుగురూ "నాదే" అన్నారు. మేకల కాపరికి, పత్రికా పాఠకునికి, కుట్టుపని చేసే స్త్రీకి ఒకే లెన్స్ మంచిది కాజాలదు.

చుక్కలు లెక్కపెట్టలేని కన్ను

అమ్మీ వయసు 68. చిన్నతనం నుండి ఆమెకు హ్రస్వదృష్టి. మైనస్ 3 అద్దాలు. దూరం చూడటానికి అద్దాలు పెట్టుకుంటుంది, చదవడానికి తీసి పక్కన పెడుతుంది. చత్వారపు అద్దాలు ఎలా ఉంటాయో ఆమెకు తెలియదు. ముప్పై ఏళ్ళుగా అసర్ నమాజు తరువాత వీధిలోని ఆడపిల్లలు మా ఇంటికి వస్తారు. అమ్మీ వారికి ఖాయిదా మొదలుకొని ఖుర్ఆన్ వరకు నేర్పుతుంది. మా కాలనీలో ఆమె దగ్గర చదువుకున్న వారి పిల్లలు ఇప్పుడు ఆమె దగ్గర చదువుకుంటున్నారు.

అరబీ అక్షరాలలో బే, తే, సే మూడూ ఒకే ఆకారం. కింద ఒక చుక్క ఉంటే బే, పైన రెండుంటే తే, మూడుంటే సే. శుక్లం ముదిరేకొద్దీ అమ్మీకి ఆ చుక్కలు కలిసిపోసాగాయి. ఒకనాడు ఒక చిన్నారి తే ఉన్న చోట సే అని చదివింది. అమ్మీ పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా, ఇంకా దగ్గరగా తెచ్చుకుంది. తరువాత దానిని మూసివేసి, "నీవు చదువు బేటీ, నేను వింటాను" అన్నది. ఆనాటి నుండి తనకు కంఠస్థమైన సూరాలనే బోధించసాగింది. కొత్త పిల్లలను చేర్చుకోవడం మానేసింది. మాతో మాత్రం ఏమీ అనలేదు.

ఆసుపత్రిలో పరీక్షల తరువాత కౌన్సెలింగ్ గదిలో ఒక కాగితం ఇచ్చారు. అందులో ఎడమవైపు 30 వేల లోపు ఉన్న ప్యాకేజీతో మొదలై, కుడివైపు చివరకు ఒక కంటికి లక్షకు చేరువగా ఉన్న ప్యాకేజీ ఉన్నది. ధర ఎడమ నుండి కుడికి పెరుగుతున్నట్లే చూపు కూడా పెరుగుతుందన్న భావన ఆ కాగితం చూసేవారికి కలుగుతుంది. ఆ ఫొటోను భాయిజాన్‌కు పంపాము. ఆయన వెంటనే ఫోన్ చేసి, "డబ్బు గురించి ఎవరూ ఆలోచించవద్దు. కుడివైపు చివరిదే వేయించండి. అమ్మీకి జీవితంలో అద్దాల అవసరమే ఉండకూడదు" అన్నారు. ఆ మాటలో పద్దెనిమిది సంవత్సరాలుగా తల్లికి దూరంగా ఉన్న కుమారుని ఆరాటం ఉంది.

మరుసటి వారం కంటితెర స్కాన్ చేశారు. అమ్మీకి పదిహేనేళ్ళుగా మధుమేహం ఉంది. దాని వల్ల కంటితెర మధ్యభాగంలో స్వల్పమైన మార్పులు మొదలైనట్లు స్కాన్‌లో కనిపించింది. డాక్టరమ్మ ఆ చిత్రాన్ని మాకు చూపించి వివరించింది. వెలుగును మూడు పాళ్ళుగా పంచే లెన్స్‌కు ఆరోగ్యవంతమైన కంటితెర అవసరమని, బలహీనపడిన కంటితెరకు ఒక్కొక్క పాలులో వచ్చే వెలుగు చాలదని, మధుమేహం ముదిరితే ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుందని చెప్పింది. కంటితెర జబ్బులు, ముదిరిన నీటికాసులు ఉన్నవారికి ఆ లెన్స్‌ను సాధారణంగా సలహా ఇవ్వరని కూడా అన్నది. అలా కాగితంలోని కుడివైపు చివరి గడి మా ఆలోచన నుండి తొలగిపోయింది.

తరువాత ఆమె అమ్మీ వైపు తిరిగి, "అమ్మా, రోజంతా మీరు ఏం చేస్తుంటారు?" అని అడిగింది. అమ్మీ చెప్పింది. డాక్టరమ్మ శ్రద్ధగా విని, రెండు మార్గాలు వివరించింది. సున్నాకు లక్ష్యం పెడితే దూరం స్పష్టంగా కనిపిస్తుంది, కానీ జీవితంలో మొదటిసారిగా చదవడానికి అద్దాలు అవసరమవుతాయి. మైనస్ 2.5కు లక్ష్యం పెడితే ఇప్పటిలాగే చదవడానికి అద్దాలు అక్కరలేదు, దూరానికి ఇప్పటిలాగే అద్దాలు ఉంటాయి. ఈ రెండవ మార్గంలో ఇంకొక సౌలభ్యం కూడా ఉంది. ఎడమకన్ను ఇంకా హ్రస్వదృష్టితోనే ఉంది కనుక, రెండు కళ్ళ మధ్య తేడా మరీ పెరగదు. రెండవ ఆపరేషన్ వరకు అద్దాలతో ఇబ్బంది ఉండదు.

"ఆపరేషన్ చేయించేదే అద్దాలు పోవడానికి కదా?" అన్నారు భాయిజాన్ ఆ రాత్రి ఫోన్‌లో. ఆయన స్వరంలో నిరాశ స్పష్టంగా వినిపించింది. చౌకైన లెన్స్, పైగా అద్దాలు మిగిలే లెన్స్. బంధువులకు ఏమని చెప్పాలి?

అమ్మీ ఫోన్ అందుకుంది. "బేటా, బస్సు నంబరు ఎవరినైనా అడగవచ్చు. ఆయత్‌ను నేనే చదువుకోవాలి" అన్నది. భాయిజాన్ కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "మీ ఇష్టమే అమ్మీ" అన్నారు.

తల్లిదండ్రులకు సేవ చేయడమంటే అన్నిటికన్నా ఖరీదైనది కొనిపెట్టడమేనన్న ఆలోచన మన ఇళ్ళలో నిశ్శబ్దంగా స్థిరపడుతున్నది. పరదేశంలో ఉన్నవారికి డబ్బు పంపడమే చేతనైన సేవ కనుక వారిని తప్పుపట్టలేము. అయితే ప్రతి పనిలోనూ సంప్రదింపును మనకు ధర్మం నేర్పింది. తల్లి కంటి విషయంలో ఆ తల్లినే సంప్రదించకపోతే ఆ సేవ అసంపూర్ణమే. వృధా వ్యయం గురించి ధర్మం చేసిన హెచ్చరిక పెళ్ళి విందులకే కాదు, ప్రయోజనం లేని చోట పెట్టే వైద్య ఖర్చుకూ వర్తిస్తుంది.

అమ్మీకి మడతపెట్టి అమర్చే మోనోఫోకల్ లెన్స్‌ను, మైనస్ 2.5 లక్ష్యంగా వేశారు. ఆపరేషన్‌కు ఇరవై నిమిషాలు పట్టింది. చుక్కల మందుతోనే కంటిని మొద్దుబార్చారు, సూది వేయలేదు. అనుకున్న సంఖ్యకు అర డయాప్టరు అటూ ఇటూ రావడం సహజమని ముందే చెప్పారు. నెల రోజుల తరువాత పరీక్షిస్తే మైనస్ 2.25 వచ్చింది. ఆ సాయంత్రం అమ్మీ ఒక పాపను పిలిచి, ఖాయిదాలోని మొదటి పుట తెరిచి, వేలితో ఒక్కొక్క చుక్కనూ చూపించింది. కింద ఒకటి, పైన రెండు, పైన మూడు. ఆ నెలలోనే ముగ్గురు కొత్త పిల్లలు చేరారు.

వైద్యుని అడగవలసిన సంగతులు

లెన్స్‌ను ఒకసారి అమర్చిన తరువాత మార్చడం సాధ్యమే గాని, అది సులభం కాదు. కాబట్టి అడగవలసినవన్నీ ముందే అడగాలి. కంటితెర పరీక్ష చేశారా, అందులో ఏమి తేలింది? నల్లగుడ్డు వంపులో తేడా ఉందా, ఉంటే అది టోరిక్ అవసరమయ్యేంత ఉందా? చూపును ఏ సంఖ్య దగ్గర నిలపబోతున్నారు? దేనికి అద్దాలు అవసరమవుతాయి? ఇంతవరకు అద్దాలు తీసి చదివే అలవాటు ఉన్నవారు ఆ సంగతిని తప్పక చెప్పాలి. రాత్రివేళ వాహనం నడిపేవారు, గతంలో అద్దాలు పోవడానికి లేజర్ చేయించుకున్నవారు, కళ్ళు పొడిబారే బాధ ఉన్నవారు కూడా ఆ విషయాలను దాచకూడదు.

కంటి పొడవును కొలిచే పరీక్షకు చాలా ప్రాముఖ్యం ఉంది. ఆ కొలతలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే, చూపులో రెండున్నర డయాప్టర్లకు పైగా తేడా వస్తుంది. ఎంత ఖరీదైన లెన్స్ అయినా కొలత తప్పితే ఫలితం తప్పుతుంది. కొలతలు తీసేటప్పుడు పెద్దలు తొందరపడకుండా, కదలకుండా కూర్చునేలా పక్కనున్నవారు చూసుకోవాలి.

కొన్ని నెలలకో, కొన్ని సంవత్సరాలకో చూపు మళ్ళీ మసకబారవచ్చు. "శుక్లం తిరిగి వచ్చింది" అని కొందరు భయపడతారు. శుక్లం తిరిగి రాదు. లెన్స్‌ను నిలిపి ఉంచే పలుచని సంచి వెనుకభాగం మసకబారుతుంది. లేజర్‌తో కొద్ది నిమిషాలలోనే దానిని తొలగిస్తారు. ఇది ఏ ధర లెన్స్‌తోనైనా రావచ్చు.

వుజూ, నమాజు

ఆపరేషన్ తరువాత కొన్నాళ్ళు కంటిలోకి నీరు వెళ్ళకూడదు. ఎన్ని రోజులనేది వైద్యుడే చెబుతారు. వుజూ విషయంలో మా మసీదు ఇమాం సాహెబ్‌ను అడిగాము. గాయానికి కట్టు ఉన్నవారికి వర్తించే సడలింపే ఇక్కడా వర్తిస్తుందని, కంటి భాగాన్ని విడిచి ముఖంలోని మిగతా భాగాన్ని తడిచేతితో తుడుచుకోవచ్చునని, మిగిలిన అవయవాలను యథాప్రకారం కడుక్కోవాలని ఆయన చెప్పారు. వైద్యుడు వంగవద్దన్నంత కాలం కుర్చీలో కూర్చుని రుకూ, సజ్దాలను సైగతో నెరవేర్చుకోవచ్చునని అన్నారు. అమ్మీ మొదట కుర్చీకి ఒప్పుకోలేదు. సడలింపు కూడా అల్లాహ్ అనుగ్రహమేనని ఇమాం సాహెబ్ చెప్పిన తరువాత కూర్చుంది. చుక్కల మందును నాలుగు నుండి ఆరు వారాలపాటు, క్రమంగా తగ్గిస్తూ వేయాలి. రమజాన్‌లో ఆపరేషన్ చేయించుకున్నవారు ఉపవాసం పోతుందేమోనని మందు మానేయరాదు. కంటి చుక్కల వల్ల ఉపవాసం భంగం కాదన్నది హనఫీ పండితుల అభిప్రాయం. సందేహం ఉన్నవారు తమ పండితులను అడిగి తెలుసుకోవాలి.

మిగిలిన డబ్బు

భాయిజాన్ పంపిన సొమ్ములో పెద్దభాగం మిగిలిపోయింది. తిరిగి పంపబోతే ఆయన వద్దన్నారు. ఏం చేయాలో నిర్ణయించమని అమ్మీకే వదిలివేశారు. అమ్మీ పెద్దమామూకు ఫోన్ చేసి, ఊళ్ళో ఇంకా ఎవరెవరికి శుక్లాలున్నాయో కనుక్కోమన్నది. తొమ్మిది మంది తేలారు. వారిలో ముస్లింలు నలుగురు, ఇతరులు ఐదుగురు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపరేషన్ ఉచితమేనని అందరికీ తెలుసు. 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో పేదలకు ఉచితంగా చేస్తారనీ కొందరికి తెలుసు. అయినా వారు ఆగిపోయారు. ఒకరికి తోడు వచ్చే మనిషి లేడు. ఒకరి కొడుకు తోడు వస్తే మూడు రోజుల కూలి పోతుంది. ఒక వృద్ధురాలికి సికింద్రాబాదు స్టేషనులో దిగిన తరువాత మెహదీపట్నం వెళ్ళే 49ఎం బస్సు ఎక్కడ ఎక్కాలో తెలియదు.

మిగిలిన సొమ్మును దారి ఖర్చులకు, తోడు వచ్చేవారి కూలికి, మా ఇంట్లో రెండు రోజుల బసకు కేటాయించాము. ఇంతవరకు ఐదుగురికి ఆపరేషన్ పూర్తయింది. వచ్చిన ప్రతి ఒక్కరినీ అమ్మీ, "మీరు రోజంతా ఏం చూస్తారు?" అని అడుగుతుంది. ఆ జవాబును ఆసుపత్రిలో డాక్టరుకు చెప్పమని మరీ మరీ గుర్తుచేస్తుంది. మిగిలిన నలుగురు వరికోతలు ముగిసిన తరువాత వస్తామన్నారు.

అమ్మీ ఎడమకంటి ఆపరేషన్ కూడా ఆ తరువాతే. ఈసారి మైనస్ 1.25ను లక్ష్యంగా పెడితే పొయ్యి మీది గిన్నె, ఎదుటి మనిషి ముఖం అద్దాలు లేకుండా కనిపిస్తాయని, రెండు కళ్ళ మధ్య అంత చిన్న తేడాను చాలామంది సులభంగా భరించగలరని డాక్టరమ్మ చెప్పింది. అమ్మీ ఇంకా ఆలోచిస్తున్నది. భాయిజాన్ ఈ మధ్య ఫోన్ చేసి ధర అడగలేదు. "అమ్మీ ఏమన్నది?" అని అడిగారు.

మన పెద్దల కళ్ళకు అల్లాహ్ వెలుగును ప్రసాదించుగాక. ఆమీన్.